గీత దగ్గర నలుపులో ఎన్ని మెట్లు

ఎండిపోయిన రక్తం ఏ రంగులో ఉంటుందని ఎవర్నడిగినా నలుపనేస్తారు. ఎంబుక్ హోస్నియా మాత్రం ఏ నలుపు అని ఎదురడుగుతుంది. వెటకారం కాదండీ, నిజంగానే అడుగుతుంది. ఆవిడ కంటికి నలుపులు చాలా ఉన్నాయి మరి. ఎంబుక్ అంటే అక్కే. మదురా దీవిలో, సాంపాంగ్ వైపు ఉప్పుమళ్ళ ఊళ్ళలో, ముసలాళ్ళ దగ్గర్నించి పసివాళ్ళ దాకా అందరికీ ఆవిడ అక్కే. నలభై తొమ్మిదేళ్ళు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, తలగుడ్డ మీద ఎప్పుడూ ఇంత దుమ్ము. ఎద్దుల పందెం రోజున గెలుపు గీత పక్కన నేల మీద బోర్లా పడుకుని ఉంటుంది. ముందుకాలు ముందుగా ఏ ఎద్దుది పడిందో ఫొటో తియ్యడం ఆవిడ పని.

ఆ పందెం చూడ్డానికి గుండె కావాలి. జోడీకి రెండు ఎద్దులు, ఒకేసారి రెండు జోడీలు. దూరం నూటముప్పై గజాలుంటుందేమో, పది పన్నెండు క్షణాల్లో అయిపోతుంది. ఆ పది క్షణాలూ ఎద్దు ప్రాణం ఎద్దులో ఉండదు. తోక మొదట్లో మేకుల చెక్కతో గీరుతారు. చర్మం లేచి, కండ లేచి, తెల్లగా ఎముక కనిపించే దాకా గీరుతారు. ఆ పుండులో మిరపకాయ నూరి పూస్తారు. కళ్ళకి ఘాటు మందు రాస్తారు. ఇక పరిగెత్తక ఏం చేస్తుంది? గీత దాటాక కూడా ఆగదు. పట్టుకోవడానికి పదిమంది మగాళ్ళు గీత అవతల కాచుకుని ఉంటారు. ఏటా ఒకరిద్దరికి పక్కటెముకలు పోతాయి. దాన్ని దెబ్బ కింద లెక్కెయ్యరు కూడా.

ఈ పని ఆవిడకెలా వచ్చిందో చెప్పాలి. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట అదే గీత దగ్గర తగాదా వచ్చింది. ఒక్కో జోడీకి ఒక్కో రంగు జెండా, ఏ జోడీ గెలిస్తే దాని జెండా లేపుతారు. ఎర్రజెండా వాడు తన జోడీ గెలిచిందన్నాడు, పచ్చజెండా వాడు కాదు పొమ్మన్నాడు. హోస్నియా మొగుడు మార్సుకి మధ్యలోకెళ్ళి నేను చూశాను, నాది సాక్ష్యం అన్నాడు. అంతే. వెనకనించి ఎవడో కొడవలితో వేటేశాడు. గాటు చెవి కింద మొదలై కాలరెముక దగ్గర ఆగింది. అక్కడి కొడవలి మన గడ్డికోసే కొడవలి కాదు, చంద్రవంకలాగా ఒంగి, మూరన్నర పొడుగుంటుంది, మనుషుల కోసమే చేయిస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళ హోస్నియా ఆ మెడని తనే కడిగి, తనే గుడ్డ చుట్టింది. మొగుడు పోయిన నలభయ్యో రోజు ప్రార్థనలయ్యాక ఊరి పెద్ద, అక్కడ క్లెబున్ అంటారు, ఆయన దగ్గరికెళ్ళి గీత దగ్గర కెమెరా పెట్టించండి, నేనే తీస్తానంది. మనిషి కన్ను ఇష్టమైనవాణ్ణి గెలిపిస్తుంది గానీ కెమెరాకి చుట్టాల్లేరుగా అంది. క్లెబున్ ఒప్పుకున్నాడు. ఆవిడ సురబాయా వెళ్ళి ఒక పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరింట్లో రెండేళ్ళు అంట్లు తోముతూ విద్య నేర్చుకుంది.

విద్యలో అందరికీ కొరుకుడుపడని ముక్కొకటుంది, రంగు లోతు. ఇది మాత్రం ఆవిడకి ఇట్టే ఎక్కింది. ఎందుకంటే వాళ్ళమ్మ బట్టలకి నీలి అద్దేది. పెద్ద జాడీల్లో నీలిరసం, అందులో గుడ్డ ముంచడం, ఆరెయ్యడం, మళ్ళీ ముంచడం, నెలల తరబడి అదే పని. ఒక్క ముంపుకి ఆకాశం రంగు, పది ముంపులకి సముద్రం, ఆ పైన ఇంకెన్ని ముంచినా చూసేవాళ్ళకి నలుపే. వాళ్ళమ్మ మాత్రం ఆ నల్లగుడ్డ తడిమి ఇది అరవై ముంపులది, అది డెబ్భైది అనేది.

ఫొటోలోనూ ఇంతేనండీ. తెలుపుకీ కటిక నలుపుకీ మధ్య ఎన్ని మెట్లు పెట్టావన్నదే రంగు లోతు. దాన్ని బిట్లలో కొలుస్తారు. ఒక్క బిట్టుంటే రెండే మెట్లు, నలుపో తెలుపో. రెండు బిట్లయితే నాలుగు. మూడయితే ఎనిమిది. బిట్టు పెరిగినప్పుడల్లా రెట్టింపన్నమాట. అలా ఎనిమిది బిట్లకి రెండువందల యాభై ఆరు మెట్లొస్తాయి. ఫోన్లలో తిరిగే ఫొటోలన్నీ ఈ బాపతే. ఎంబుక్ కెమెరా పద్నాలుగు బిట్లు రాస్తుంది. ఎన్నవుతాయో రెట్టింపు చేసుకుంటూ పోండి, పదహారువేల మూడువందల ఎనభై నాలుగొస్తాయి. ఒక్క ఎరుపుకే అన్ని, పచ్చకి అన్ని, నీలానికి అన్ని. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎప్పుడంటే, చీకట్లో ఏముందో పైకి లాగి చూద్దామనుకున్నప్పుడు. ఎనిమిది బిట్ల ఫొటోలో నీడకి దక్కేవి ఏ డజను మెట్లో. వెలుగు పెంచితే ఆ డజనూ ఎడంగా జరిగి, నున్నగా ఉండాల్సిన చోట మెట్లమెట్లుగా పట్టీలు పడతాయి. లేని అంచులు పుట్టుకొస్తాయి. పద్నాలుగు బిట్లదాంట్లో అదే నీడకి వందలకొద్దీ మెట్లుంటాయి కాబట్టి తవ్వినకొద్దీ అసలు సరుకే వస్తుంది.

అన్ని మెట్లు మోస్తూ లావెక్కిన ఆ ఫైళ్ళు చూసి బుసిరి నవ్వేవాడు. బుసిరిది ఫోన్ల కొట్టు, పక్కూరి ఎద్దుల ఆసామి దురాహెమ్‌కి అల్లుడు. మనిషి కంటే నోరు ముందొస్తుంది.

"నీ ఫొటోలు తిండిపోతు అత్తగార్లలాగా ఉన్నాయి ఎంబుక్. ఎంత చోటిచ్చినా చాలదు. ఫోన్లో చూసేదానికి ఎందుకంత లోతు?"

"నీ మాటలకి లేని లోతు వాటికైనా ఉండనీరా" అనేది ఆవిడ.

పోయినేడాది ఎండాకాలం చివర్న ఆఖరి పందెం వచ్చింది. ఒక జోడీ దురాహెమ్‌ది. ఇంకో జోడీ మిస్నాదిన్‌ది. మిస్నాదిన్ హోస్నియా సొంత తమ్ముడు, ముప్పై ఆరేళ్ళు, కోపం మూతి మీదే ఉంటుంది. వాణ్ణి ఆవిడే చంకనేసుకుని పెంచింది. ఆ రోజు గీత అవతల తన ఎద్దుల్ని పట్టుకోవడానికి వాడే నిలబడ్డాడు.

మధ్యాహ్నం మూడయింది. పక్కనున్న పాకకప్పు నీడ సరిగ్గా గీత మీద పడింది. ఎద్దులొచ్చాయి. రావడం కాదు, పడ్డాయి మీద. నాలుగు ఎద్దులు, నోట్లో నురగ, వెనక రక్తం చిమ్ముతూ, చుట్టూ దుమ్ము. హోస్నియా మీట నొక్కింది. దురాహెమ్ ఎద్దొకటి గీత దగ్గర మెడ తిప్పి పక్కకి తూలింది, ఒక కాపలావాణ్ణి కొమ్ముతో ఎత్తి కంచెకేసి కొట్టింది. వాడి దవడ విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. తల తిప్పి చూస్తే ఎర్రజెండా లేచింది, పచ్చజెండా కూడా లేచింది.

ఫొటో ఫొటో అని జనం అరిచారు. ఆ ఊళ్ళలో అలవాటేంటంటే, ఫొటో వెంటనే అందరి ఫోన్లలోకీ పోవాలి. ఆలస్యమైతే మార్చారంటారు. కెమెరా ప్రతి ఫొటోనీ రెండు రకాలుగా రాస్తుంది, పద్నాలుగు బిట్ల లావుది కార్డులో ఉంటుంది, సన్నది ఫోన్‌కి వెళ్తుంది. ఆ ఎనిమిది బిట్ల సన్నదే ఊరంతా పాకింది. అందులో గీత దగ్గర కాళ్ళూ లేవు, మూతులూ లేవు, ఒక నల్లటి ముద్ద ఉంది.

బుసిరి ఊరుకుంటాడా. తన ఫోన్లో వెలుగు చివరిదాకా లాగాడు. నల్లముద్ద పగిలింది. నీడలో దుమ్ము మెట్లు మెట్లుగా విడిపోయి, అందులో ఒక పట్టీ గీత దాటి ముందుకు పొడుచుకొచ్చింది, అచ్చం డెక్కలాగా. ఇదిగో మా మావయ్య ఎద్దు కాలు, జానెడు ముందుంది అని ఎగిరాడు. నిమిషంలో ఆ పట్టీ వెయ్యిమందికి కాలైపోయింది. అంత స్పష్టంగా ఉన్న కాలు మొదటి ఫొటోలో ఎందుకు లేదు? అక్క తమ్ముడి కోసం నలుపు పూసింది. ఇదీ వాళ్ళ లెక్క.

హోస్నియాకి వాళ్ళు రావడం కనిపించింది. కెమెరా మూత తీసి, కార్డు లాగి, తమలపాకు పెట్టుకున్నట్టు బుగ్గన పెట్టుకుంది. మొదటి గుద్దు ముక్కు మీద పడింది. కళ్ళద్దాలు పోయాయి. కెమెరాని రాయికేసి మూడుసార్లు కొట్టారు. బుసిరి ఆవిడ దవడ పట్టుకుని నోరు తెరవమన్నాడు. ఆవిడ తెరవలేదు. పిడికిలితో కొట్టాడు. లోపల పన్ను విరిగింది. అయినా పెదాలు విప్పలేదు, రక్తం మింగుతూ నేల మీద ముడుచుకుపోయింది. క్లెబున్ మనుషులొచ్చి లాగేసేసరికి చెయ్యి కూడా వాచిపోయింది.

అది మిస్నాదిన్ చూశాడు. ఆ దీవిలో ఇంటి ఆడమనిషి మీద చెయ్యి పడితే ఇక మాటల్లేవు, కొడవళ్ళే. సాయంత్రం ఐదింటికి ఎండిన ఉప్పుమడిలో తేల్చుకుందామని మిస్నాదినూ దురాహెమూ జనంలోనే ఒకరికొకరు చెప్పేసుకున్నారు. క్లెబున్ ఒద్దని ఇద్దరి కాళ్ళూ పట్టుకున్నంత పని చేశాడు. పోలీసులకి ఫోన్ చేశాడు. రోడ్డు మీద పందెం బళ్ళు ఇరుక్కుని వాళ్ళు రావడం ఆలస్యమన్నారు.

ఇంటిదగ్గర మిస్నాదిన్ స్నానం చేశాడు, నల్లబట్టలు వేసుకున్నాడు. పెళ్ళాం జుమాతి నడుముకి గుడ్డ బిగిస్తూ ఏడుస్తోంది. హోస్నియా కార్డు గిన్నెలోకి ఉమ్మింది, రక్తంతో పాటు పన్ను ముక్క కూడా వచ్చింది. గంటన్నర ఆగరా, ఈ కార్డులో అసలు ఫొటో ఉంది, చీకటి తవ్వి చూపిస్తానంది. వాడు కొడవలి నూరడం ఆపాడు.

"వద్దక్కా. దాన్ని చూడకు."

"ఎందుకురా?"

"వాళ్ళు నిన్ను కొట్టారు. ఇంక ఫొటోతో పనేంటి?"

ఆ మాట ఆవిడకి ఎక్కడో గుచ్చుకుంది. వాడు లేచి వెళ్ళిపోయాడు. ఆవిడ కార్డుని తలగుడ్డతో తుడిచి కంప్యూటర్లో పెట్టింది. వాచిన చేత్తోనే మీటలు నొక్కింది. కార్డు బతికే ఉంది.

నల్లముద్ద తెర మీదకొచ్చింది. వెలుగు లాగింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు. పట్టీలు రాలేదు. నలుపులోంచి గోధుమరంగు దుమ్ము మెత్తగా లేచింది, దుమ్ములోంచి డెక్కలు లేచాయి. బుసిరి చూపించిన చోట కాలు లేదు, ఉత్త దుమ్మే. దురాహెమ్ ఎద్దు కాలు గీతకి జానెడు వెనకే ఉంది. తమ్ముడి ఎద్దు డెక్క గీత మీద పడింది. తమ్ముడు గెలిచాడు. హోస్నియాకి ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్కటీ చూపిస్తే వాడి ప్రాణం మిగులుతుంది. ఇంకాస్త లాగింది, దురాహెమ్ ఎద్దు మెడెందుకు తిప్పిందో కూడా తెలిస్తే మంచిదని.

మూతి పక్కన ఒక చెయ్యి ఉంది. చేతిలో మేకుల చెక్క. మేకులు ఎద్దు ముక్కులో దిగబడి ఉన్నాయి, అక్కడ రక్తం ముదురెరుపుగా బొట్లుబొట్లుగా లేస్తోంది. చేతికి మణికట్టు దగ్గర కాలిన మచ్చ. తమ్ముడికి ఐదేళ్ళప్పుడు అన్నంగంజి మీద పడితే ఆ చేతికి వెన్న రాసింది హోస్నియానే.

ఆ చెయ్యి ఉన్న మూలని కత్తిరించేసి, ఒక్క కాళ్ళ భాగమే ముద్రించి పట్టుకుపోవచ్చు. చిన్న పని, నాలుగు గీతలు గీస్తే అయిపోతుంది. తమ్ముడు గెలిచినవాడవుతాడు. దురాహెమ్ మాత్రం ఎద్దు ముక్కులో రంధ్రాలు చూసుకుని ఇవాళ కాకపోతే వచ్చే నెల అడుగుతాడు, అప్పుడు మళ్ళీ కొడవళ్ళే. పోనీ అది జరక్కపోయినా, గీత దగ్గర కెమెరాకి చుట్టమొచ్చిందన్నమాటే. ఆవిడ కత్తిరించలేదు. ఉన్నదున్నట్టు పెద్దకాగితం మీద ముద్రించింది. కాగితానికి ఎనిమిది బిట్లే చాలు. తవ్వడానికే పద్నాలుగు కావాలి గానీ, తవ్వి తీసినదాన్ని చూపించడానికి అక్కర్లేదు.

జుమాతి బండి తోలింది. వెళ్ళేసరికి మొదలైపోయింది.

ఉప్పుమడి తెల్లగా మెరుస్తోంది. గట్ల మీద రెండూళ్ళ మగాళ్ళూ నిలబడ్డారు, ఎవరూ అరవడం లేదు. మిస్నాదిన్ ఎడమభుజం తెరుచుకుపోయింది, చొక్కా ముక్క కండలో ఇరుక్కుంది. దురాహెమ్ తొడ మీద పొడుగాటి గాటు, నడిచినప్పుడల్లా రక్తం బూటులోంచి పొర్లి ఉప్పు మీద పడి గులాబీరంగుకి తిరుగుతోంది. యాభై దాటిన మనిషి, ఎద్దులాగానే ఊపిరి పీలుస్తున్నాడు. మిస్నాదిన్ కొడవలి పైకెత్తి దూకాడు. దురాహెమ్ కొడవలి అడ్డుపెట్టాడు. ఇనుము ఇనుముని గీకింది. మొన మిస్నాదిన్ చెంప మీద నించి పెదవి దాకా గీత గీసింది. ఇంకొక్క దెబ్బ. ఎవరిదైనా ఇంకొక్కటే.

హోస్నియా గట్టు దిగి నేరుగా ఇద్దరి మధ్యకీ నడిచింది. చెప్పుల్లేవు. కళ్ళద్దాల్లేవు. కాగితం రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంది.

"దురాహెమ్ అన్నా, నీ అల్లుడు చూపించిన కాలు లేదు. అది ఫోన్లో పుట్టిన మెట్టు. నీ ఎద్దు జానెడు వెనకే ఉంది, చూసుకో."

గట్టు మీద మిస్నాదిన్ వైపువాళ్ళు కేకపెట్టారు. ఆవిడ వాళ్ళని ఆగమని తలూపింది.

"అది వెనకెందుకు పడిందో కూడా ఇందులోనే ఉంది. దాని ముక్కులో మేకులు దిగాయి. దింపింది నా తమ్ముడు."

కేకలాగిపోయాయి. దురాహెమ్ కాగితం వైపొంగి చూశాడు. కొడవలి ఇంకా పైనే ఉంది. మిస్నాదిన్ ముఖంలో రక్తం మధ్య కళ్ళొక్కటే తెల్లగా కనిపించాయి.

"అబద్ధం. ఆ కాగితం చింపెయ్యక్కా."

"నీ చెయ్యి నాకు తెలీదట్రా?"

వాడు వేటేశాడు. కాగితం మీదే వేశానని తర్వాత కోర్టులో చెప్పాడు. అయ్యుండొచ్చు కూడా. కొడవలి మాత్రం కాగితాన్ని కోసి, దాన్ని పట్టుకున్న ఎడమచేతిని కోసింది. కాగితం సగం, ఉంగరం వేలు, చిటికెనవేలు ఉప్పు మీద పడ్డాయి. హోస్నియా మోకాళ్ళ మీద కూలబడి, ఉప్పు తగలకుండా చేతిని పైకెత్తి పట్టుకుంది, మోచేతి దాకా రక్తం కారుతోంది.

దురాహెమ్‌కి అప్పుడు మిస్నాదిన్ మెడ ఒట్టిగా దొరికింది. బుసిరి గట్టు మీంచి నరుకు మావయ్యా నరుకు అని గోల. దురాహెమ్ కొడవలి దించాడు.

"సొంత అక్కని కోసినవాడితో నేను కొట్టుకోను. వీణ్ణి చంపితే నాకేం పేరొస్తుంది?"

అంతటితో ఆ పోరు చచ్చిపోయిందండీ. ఆ దీవిలో కొడవలి పోరు పరువున్న మగాళ్ళ మధ్య జరిగేది. అవతలివాడికి పరువే లేదని తేలాక వాడి మీద కొడవలెత్తడం తనకే తలవంపు. మిస్నాదిన్ రారా రారా అని అరిచాడు. ఎవరూ రాలేదు. వాడి మేనమామే వచ్చి వెనకనించి కాలితో తన్ని, కొడవలి లాక్కుని, ఉప్పులో మొహం పెట్టి తొక్కిపట్టాడు. దురాహెమ్ కుంటుకుంటూ గట్టెక్కి, అల్లుడి చెంప పగిలేలా కొట్టాడు. లేని కాలు చూపించి నన్ను చావుదాకా తెచ్చావురా అని ఇంకోటి కొట్టాడు. బుసిరి ఫోను కాలవలో పడింది. తర్వాత దురాహెమ్ తన తలగుడ్డ విప్పి, వెనక్కొచ్చి, హోస్నియా మణికట్టు చుట్టూ బిగించి కట్టాడు.

కోర్టులో ఆవిడ ఉన్నదున్నట్టే చెప్పింది. తమ్ముడికి మూడేళ్ళు పడింది. బుసిరికి పన్నూ కెమెరా కింద ఎనిమిది నెలలు. ఊళ్ళో సగంమంది తమ్ముణ్ణి అమ్ముకుందని తిట్టారు. ఆవిడ ఇంకో కెమెరా తెచ్చుకుని, మిగిలిన వేళ్ళతో దాన్ని పట్టుకోవడం అలవాటు చేసుకుంది.

ప్రతి శుక్రవారం నమాజు ముందు జుమాతీ ఆవిడా జైలుకెళ్తారు. మొక్కజొన్న అన్నం, ఎండుచేప, మిరపకాయ పచ్చడి తీసుకెళ్తారు. మిస్నాదిన్ వాళ్ళు రావడం చూసి బల్ల మీద అటు తిరిగి కూచుంటాడు. గిన్నె మాత్రం లాక్కుంటాడు. మొదటి నెలంతా జుమాతి ఏడ్చింది, మనిషిని చూడ్డానికొస్తే వీపు చూసి పోవాలా అని.

"వీపు తిప్పుకున్నాడంటే ఊపిరుందన్నమాటే కదే" అంది హోస్నియా. "పచ్చడి ఎక్కువేశావా, చూడు."

ఎక్కువే వేసింది. వాడికి పొలమారింది. దగ్గి దగ్గి, తల తిప్పకుండానే, చెయ్యి వెనక్కి చాపాడు. హోస్నియా గ్లాసులో నీళ్ళు పోసి, మూడువేళ్ళ చేత్తో ఆ చేతిలో పెట్టింది.